ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 15 వోల్టులు చూపిస్తోంది: ఇది సురక్షితమేనా?

మూడోగేరు

సభ్యులందరికీ నమస్కారం. నా కారు తొమ్మిదేళ్ల నాటిది, పెట్రోలు ఇంజను. పద్నాలుగు నెలల క్రితం వేయించిన బ్యాటరీ మూడు వారాల క్రితం పూర్తిగా పాడైంది. మూతలు విప్పి చూస్తే ఆరు సెల్లలోనూ నీరు తగ్గిపోయి, ప్లేట్ల పైఅంచులు బయటపడి ఉన్నాయి. బ్యాటరీ పక్కగోడలు కొద్దిగా ఉబ్బాయి. పాజిటివ్ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఇదే కాలంలో హెడ్‌లైటు బల్బులు రెండుసార్లు మాడిపోయాయి.

కొత్త బ్యాటరీ బిగించిన వ్యక్తి పాతదానిలోనే ఏదో లోపం ఉండి ఉంటుందన్నారు. ఆ మాటతో నాకు తృప్తి కలగలేదు కాబట్టి మల్టీమీటర్ తీసుకుని నేనే కొలిచాను. రాత్రంతా బండి కదలకుండా ఉన్న తరువాత ఉదయం 12.7 వోల్టులు చూపించింది. ఇంజను స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచితే 15.2 చూపించింది. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను వేసినప్పుడు 15.0కి దిగింది. యాక్సిలరేటర్ నొక్కి ఇంజను వేగాన్ని నిమిషానికి 2,000 చుట్లకు తీసుకెళ్లినా పెద్ద మార్పు లేదు.

బండి బాగుచేసే ఆయనకు ఈ అంకెలు చెబితే, వోల్టేజి ఎక్కువగా ఉంటే మంచిదేనని, బ్యాటరీ త్వరగా నిండుతుందని సమాధానమిచ్చారు. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ దీపం ఎప్పుడూ వెలగలేదు. అసలు ఎంత వోల్టేజి వరకు సురక్షితం? లోపం ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో, వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌దేనా? కొత్త బ్యాటరీ కూడా పాడైపోకముందే దీన్ని తేల్చుకోవాలనుకుంటున్నాను.

రాగితీగ

మూడోగేరు గారూ, ఆల్టర్నేటర్లు విప్పి బాగుచేయడమే నా వృత్తి. మీ మొదటి ప్రశ్నకు సూటిగా సమాధానం చెబుతాను. మూతలు విప్పి నీరు పోసుకునే మామూలు సీసపు బ్యాటరీకి, సాధారణ వాతావరణంలో, ఇంజను వేడెక్కిన తరువాత, బ్యాటరీ టెర్మినళ్ల మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13.5 కంటే తక్కువగా స్థిరపడితే బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. వేడెక్కిన ఇంజనుతో 15 దాటి నిలబడితే అది తప్పకుండా లోపమే. వోల్టేజి ఎక్కువైతే మంచిదన్న మాటను దయచేసి నమ్మకండి.

మీరు రాసిన వాటిలో నా దృష్టిని ముందుగా ఆకర్షించినది ఆరు సెల్లూ సమానంగా ఎండిపోవడం. ఒకే ఒక్క సెల్ మిగతావాటికి భిన్నంగా ఉంటే బ్యాటరీ లోపలి లోపాన్ని అనుమానించాలి. ఆరూ ఒకేలా ఎండితే బయటి నుంచి వచ్చిన వోల్టేజినే అనుమానించాలి. బల్బులు మాడటం కూడా ఆ దిక్కునే చూపిస్తోంది. ఫిలమెంటు బల్బుకు అందే వోల్టేజి 5 శాతం పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

అయినా రెగ్యులేటర్ మీద నింద వేసేముందు నాలుగు సంగతులు తెలియాలి. కొత్త బ్యాటరీ కూడా మూతలు విప్పే రకమేనా, కాదా? కొలిచినప్పుడు గాలి ఉష్ణోగ్రత ఎంత? ఇంజను స్టార్ట్ చేసిన ఎంతసేపటికి కొలిచారు? నాలుగవది చాలామంది మరిచిపోయేది: మీ మల్టీమీటర్‌లోని చిన్న బ్యాటరీ కొత్తదేనా? అది బలహీనపడితే చాలా మీటర్లు అసలు విలువ కంటే ఎక్కువ చూపిస్తాయి. మంచి ఆల్టర్నేటర్లను ఈ ఒక్క కారణంతో విప్పించుకున్నవారిని నేను చూశాను.

సీసంపలక

రాగితీగ గారు చెప్పిన అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఏ అంకెను ఎప్పుడు నమ్మాలో ఎవరికి వారే నిర్ణయించుకోగలుగుతారు.

మనం 12 వోల్టుల బ్యాటరీ అని పిలిచేది నిజానికి ఒకదాని వెనుక ఒకటి కలిపిన ఆరు సెల్ల వరుస. పూర్తిగా నిండి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరింటికీ కలిపి 12.6 లేదా 12.7 అవుతుంది. విశ్రాంతిలో 12.4 ఉంటే దాదాపు ముప్పావు వంతు, 12.2 ఉంటే సగం నిండి ఉందని లెక్క. 12.0కి వచ్చిందంటే పావు వంతే మిగిలిందనుకోవాలి.

బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడుతుంది. ఛార్జింగ్‌లో అదంతా వెనక్కి తిరుగుతుంది. ఇలా వెనక్కి నడిపించవలసిన సల్ఫేట్ పుష్కలంగా ఉన్నంతసేపు లోపలికి వెళ్లే కరెంటు ఆ పనికే ఖర్చవుతుంది. బ్యాటరీ నిండుతున్నకొద్దీ ఆ పని తగ్గిపోతుంది. మిగిలిన కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. సాధారణ ఉష్ణోగ్రతలో ఒక్కో సెల్ 2.4 వోల్టుల దగ్గరకు వచ్చేసరికి ఈ పొంగు స్పష్టంగా మొదలవుతుంది. దాన్ని ఆరుతో గుణిస్తే 14.4. కార్ల ఆల్టర్నేటర్లు 14.2, 14.4 చుట్టూ తిరగడానికి మూలం ఇదే.

మూడోగేరు గారూ, మీ 15.2ను ఆరుతో భాగించండి, సెల్‌కు 2.53 వస్తుంది. నిండిన బ్యాటరీని ప్రతిరోజూ అక్కడ నిలబెడితే నీరు వాయువులుగా పోవడమే కాదు, పాజిటివ్ ప్లేట్లకు వెన్నెముకలాంటి సీసపు చట్రం కూడా తుప్పు పట్టి పెరుగుతుంది. పెట్టె గోడలు ఉబ్బడం వెనుక ఆ పెరుగుదల, వేడి రెండూ ఉంటాయి. చట్రం ఒకసారి తినబడిన తరువాత ఎంత నీరు పోసినా తిరిగి రాదు.

ఉష్ణోగ్రత సంగతి కూడా ఇందులోనే కలుస్తుంది. వేడి పెరిగితే ఈ పొంగు తక్కువ వోల్టేజికే మొదలవుతుంది, చలిలో ఎక్కువ వోల్టేజి ఇస్తే తప్ప బ్యాటరీ ఛార్జింగ్‌ను స్వీకరించదు. ఒక్కో సెల్‌కు ఒక్కో డిగ్రీకి 3 నుంచి 4 మిల్లీవోల్టుల సవరణ అవసరం. 25 డిగ్రీల దగ్గర 14.4 సరైనదైతే, 0 డిగ్రీల దగ్గర మరో అర వోల్టు కలిపి 14.9 సరైనదవుతుంది. ఇంజను పక్కన 50 డిగ్రీలకు కాగుతున్న బ్యాటరీకి అదే అర వోల్టు తీసివేసి 13.9 సరిపోతుంది. కాబట్టి గడ్డకట్టే చలిలో ఉదయం స్టార్ట్ చేయగానే 15 దరిదాపుల్లో కనిపిస్తే కంగారు పడనవసరం లేదు, ఎండలో గంట నడిచిన బండిలో అదే అంకె కనిపిస్తే కంగారు పడాల్సిందే.

పాతబండి

ఆల్టర్నేటర్ మంచిదా కాదా తేల్చడానికి మేము పాటించే పద్ధతి ఒకటుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయడం. బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ పనిచేస్తోందని అర్థం. నా దగ్గరున్న పాత బండ్ల మీద ఎన్నో సార్లు చేశాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. మూడోగేరు గారు కూడా మొదట ఇది చేసి చూడవచ్చని నా సూచన.

రాగితీగ

పాతబండి గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ సూచనను మాత్రం ఎవరూ పాటించవద్దని గట్టిగా కోరుతున్నాను. మూడోగేరు గారూ, దయచేసి ఇది చేయకండి.

ఆ పద్ధతి డైనమోల కాలంలో పుట్టింది. డైనమోలో తీగచుట్టల నుంచి వచ్చే కరెంటును కమ్యుటేటర్ మీది బ్రష్షులు ఒకే దిశకు మళ్లించేవి. అక్కడ కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు లేవు, బండిలో కంప్యూటర్లు లేవు. చిన్న సిలికాన్ డయోడ్లు అందుబాటులోకి వచ్చిన తరువాతే ఆల్టర్నేటర్లు కార్లలోకి ప్రవేశించాయి. 1960లో క్రైస్లర్ సంస్థ తన వాలియంట్ కారులో దాన్ని మామూలు అమరికగా ఇచ్చింది. నేటికీ చాలామంది ఆల్టర్నేటర్‌ను డైనమో అనే పిలుస్తారు. పేరు పాతదే మిగిలినా లోపలి యంత్రం పూర్తిగా వేరు.

ఆల్టర్నేటర్ లోపల రోటరు ఒక విద్యుదయస్కాంతం. దానిలోకి వెళ్లే కొద్దిపాటి కరెంటును రెగ్యులేటర్ పెంచుతూ, తగ్గిస్తూ బయటి వోల్టేజిని నిలబెడుతుంది. బ్యాటరీలోకి ముప్పై, నలభై ఆంపియర్లు వెళ్తున్న క్షణంలో టెర్మినల్ ఊడదీస్తే ఆ కరెంటుకు పోవడానికి చోటు ఉండదు. రోటరులోని అయస్కాంత క్షేత్రం వెంటనే చల్లారదు, రెగ్యులేటర్ కళ్లు తెరిచేలోపు సెకనులో కొద్ది వంతుపాటు బండి తీగలన్నిటిలో వోల్టేజి ఎగిసిపడుతుంది. రక్షణ లేని ఆల్టర్నేటర్‌లో అది 100 వోల్టులదాకా వెళ్లగలదు. కొత్త ఆల్టర్నేటర్లలో ప్రత్యేకమైన డయోడ్లు దాన్ని సుమారు 35, 40 వోల్టుల దగ్గర ఆపుతాయి, అయినా 12 వోల్టుల పరికరాలకు అది చిన్న దెబ్బ కాదు. ఇంజను కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ పెట్టె, మ్యూజిక్ సిస్టమ్, ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, వీటిలో ఏది పోతుందో ముందుగా చెప్పలేము. పైగా అప్పటిదాకా ఛార్జ్ అవుతున్న బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఊడదీసేటప్పుడు వచ్చే నిప్పురవ్వ సరిగ్గా అక్కడే పుడుతుంది.

ఇంతా చేసి ఈ పరీక్ష చెప్పేది కూడా ఏమీ లేదు. బండి ఆగలేదంటే ఆల్టర్నేటర్ ఎంతో కొంత కరెంటు ఇస్తోందని మాత్రమే తెలుస్తుంది. మూడోగేరు గారి ఆల్టర్నేటర్ ఆ పరీక్షలో చక్కగా నెగ్గుతుంది, బ్యాటరీని మాత్రం చంపుతూనే ఉంటుంది.

పాతబండి

రాగితీగ గారూ, మీ వివరణ చదివిన తరువాత నా సూచనను వెనక్కి తీసుకుంటున్నాను. నా దగ్గరున్న రెండు బండ్లలో ఒకదానికి డైనమో ఉంది, రెండవదానికి ఆల్టర్నేటర్ ఉంది, రెండింటినీ ఒకే తీరుగా పరీక్షిస్తూ వచ్చాను. ఇకమీదట మీటరుతోనే కొలుస్తాను. ఇక్కడ చదివే కొత్తవారు నా పాత సలహాను పాటించకూడదనే ఉద్దేశంతో ఆ టపాను తొలగించకుండా అలాగే ఉంచమని కోరుతున్నాను, ఎందుకంటే దాని కింద ఉన్న సమాధానం వారికి అవసరం.

దూరప్రయాణం

ఈ చర్చ చదివి నేను కూడా నా బండిలో కొలిచాను, ఇప్పుడు నాకు దిగులు పట్టుకుంది. నాది రెండేళ్ల కారు. చార్జింగ్ సాకెట్‌లో పెట్టే చిన్న వోల్టేజి మీటరు చూస్తూ రహదారి మీద వెళ్తుంటే 12.6 చూపిస్తుంది, కొండ దిగుతున్నప్పుడు యాక్సిలరేటర్ వదిలితే 14.9కి ఎగబాకుతుంది, మళ్లీ ఎక్కుడు వస్తే 12.8కి దిగుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. నా ఆల్టర్నేటర్ చెడిపోయినట్లేనా?

రాగితీగ

దూరప్రయాణం గారూ, మీ ఆల్టర్నేటర్ చెడిపోలేదు, తనకు అప్పగించిన పనినే చేస్తోంది. ఈ మధ్యకాలపు బండ్లలో వోల్టేజి ఎంత ఉండాలో ఇంజను కంప్యూటర్ నిర్ణయిస్తుంది. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న డబ్బీలాంటిది బిగించి ఉందేమో చూడండి. బ్యాటరీలోకి వచ్చేపోయే కరెంటును, వోల్టేజిని, ఉష్ణోగ్రతను అది కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది. ఇంజను బరువు లాగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ భారం తగ్గించి ఇంధనం ఆదా చేయడం, బ్రేకు వేసినప్పుడు, పల్లంలో దిగేటప్పుడు ఎలాగూ వృథా అయ్యే శక్తిని బ్యాటరీలోకి ఎక్కించడం దాని వ్యూహం. అలా ఎక్కించుకోవడానికి చోటు ఉండాలి కాబట్టి బ్యాటరీని కావాలనే నూటికి నూరు శాతం నింపకుండా ఉంచుతుంది.

ఇటువంటి బండిలో ఒక్క క్షణపు అంకె ఏ తీర్పుకూ పనికిరాదు. హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి, చాలా బండ్లలో అప్పుడు వోల్టేజి 14 చుట్టూ స్థిరపడుతుంది. మరో మాట, సాకెట్‌లో పెట్టే మీటరు అంకె సన్నటి తీగల గుండా వచ్చేది కాబట్టి బ్యాటరీ దగ్గరి విలువకంటే కొంత తక్కువగా ఉంటుంది. బ్యాటరీ మార్చవలసి వస్తే బండి తయారీదారు చెప్పిన రకమే వేయించండి, కొత్తది పెట్టిన సంగతిని కంప్యూటర్‌కు నమోదు చేయించవలసిన బండ్లు కూడా ఉన్నాయి.

మూడోగేరు

అడిగిన వివరాలన్నీ తెచ్చాను. బ్యాటరీ మూతలు విప్పి నీరు పోసుకునే రకమే, సామర్థ్యం 45 ఆంపియర్ అవర్లు. గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీలు. ఇరవై నిమిషాలు నడిపి వచ్చి కొలిచాను.

మల్టీమీటర్‌లోని 9 వోల్టుల బ్యాటరీ మార్చగానే 15.2 చూపించిన చోట 14.9 చూపించింది. ఇంకొక మీటరుతో సరిచూసుకున్నాను, అదీ 14.9 అనే అంటోంది. రాగితీగ గారు చెప్పకపోతే నేను మీటరును అనుమానించేవాడినే కాదు. అయితే 32 డిగ్రీల్లో, వేడెక్కిన బండిలో 14.9 కూడా ఎక్కువేనని సీసంపలక గారి లెక్క చెబుతోంది. ఇప్పుడు రెగ్యులేటర్ మార్పించమంటారా?

రాగితీగ

ఇంకా వద్దు. తొమ్మిదేళ్ల బండి కాబట్టి ముందు తీగలను అడగాలి.

రెగ్యులేటర్ వోల్టేజిని ఎక్కడ చూస్తోందన్నది ఇక్కడ కీలకం. కొన్ని ఆల్టర్నేటర్లు తమ అవుట్‌పుట్ బోల్టు దగ్గరే చూసుకుంటాయి. మరికొన్నిటికి ప్లగ్గులో ప్రత్యేకంగా ఒక సన్న తీగ వస్తుంది, అది ఫ్యూజు పెట్టె గుండానో ఇగ్నిషన్ స్విచ్ గుండానో బ్యాటరీ వోల్టేజిని తెచ్చి రెగ్యులేటర్‌కు చూపిస్తుంది. ఆ దారిలో ఎక్కడైనా కనెక్టర్ తుప్పు పట్టి, అదే దారిలో వేరే పరికరాలకు కూడా కరెంటు పోతుంటే, అక్కడ అర వోల్టు తరిగిపోవచ్చు. అప్పుడు రెగ్యులేటర్‌కు బ్యాటరీ తక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది, పాపం అది తన లక్ష్యాన్ని చేరుకోవడానికి అర వోల్టు ఎక్కువగా తోస్తుంది. ఇటువంటి బండిలో రెగ్యులేటర్ మార్చినా కొత్తది కూడా అదే తప్పు చేస్తుంది.

ఇంజను నడుస్తుండగా, మీటరు నల్లతీగను బ్యాటరీ నెగటివ్ మీద స్థిరంగా ఉంచి, ఎర్రతీగను వరుసగా మూడుచోట్ల ఆనించండి: బ్యాటరీ పాజిటివ్, ఆల్టర్నేటర్ వెనుకనున్న పెద్ద బోల్టు, ఆల్టర్నేటర్ ప్లగ్గుకు వచ్చే సన్న తీగ. ప్లగ్గును ఊడదీయకుండా వెనుక నుంచి సన్నటి సూదితో తాకాలి. తిరిగే బెల్టుకు, ఫ్యానుకు చేతులు, వేలాడే బట్టలు దూరంగా ఉంచండి. పెద్ద బోల్టు దగ్గర సూది జారి ఇంజను బాడీకి తగిలితే నేరుగా షార్టు అవుతుంది కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త.

మరో కొలత కూడా తీసుకోండి. మీటరును ఏసీ, అంటే అటూఇటూ దిశ మారే కరెంటు, వోల్టులకు మార్చి బ్యాటరీ మీద చూడండి. వంద మిల్లీవోల్టులలోపు ఉంటే డయోడ్లు బాగున్నట్లే, అర వోల్టు దాటితే ఏదో డయోడ్ పోయినట్లే.

ఎర్తు తీగ సంగతి ఎవరైనా అడిగేలోపే చెబుతాను. ఇంజనుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య ఎర్తు సరిగా లేకపోతే బ్యాటరీకి వోల్టేజి తగ్గుతుందే తప్ప పెరగదు. వోల్టేజి తక్కువైన బండిలో ముందు ఎర్తు చూడాలి, ఎక్కువైన బండిలో ముందు ఈ సన్న తీగను చూడాలి.

నిండుకుండ

నాకు ఎదురు సమస్య ఉంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నా బండిలో వోల్టేజి 14.2, అంతా బాగానే ఉంది. అయినా బ్యాటరీ తరచూ దిగిపోతోంది. రోజూ పది నిమిషాల ప్రయాణం, అంతే. వారాంతంలో అసలు కదలదు. ఇంట్లో చార్జర్ పెట్టాలంటే ఎంత వోల్టేజి పెట్టాలి?

సీసంపలక

నిండుకుండ గారూ, 14.2 సరైన అంకే అయినా దానికి సమయం కూడా కావాలి. బ్యాటరీ ఎనభై శాతం దాకా చురుగ్గా నిండుతుంది, ఆ తరువాత లోపలికి వెళ్లే కరెంటు తనంతట తానే తగ్గిపోతూ చివరి ఇరవై శాతానికి గంటలు పడుతుంది. పది నిమిషాల ప్రయాణాలతో ఆ చివరి భాగం ఎన్నడూ పూర్తికాదు. మిగిలిపోయిన లెడ్ సల్ఫేట్ వారాలు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారి మళ్లీ కరగడానికి మొరాయిస్తుంది. ఎక్కువ వోల్టేజి బ్యాటరీని తొందరగా చంపితే, సగం ఛార్జింగ్ నెమ్మదిగా చంపుతుంది.

ఇంటి చార్జర్‌కు పాత లెక్క ఇప్పటికీ మంచిదే. బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు కరెంటు, అంటే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి సుమారు 4.5 ఆంపియర్లు. వోల్టేజి 14.4 దగ్గర ఆగాలి, నిండిన తరువాత 13.5 చుట్టూ నిలబడే రకం చార్జర్ అయితే రాత్రంతా ఉంచినా భయం లేదు. తనంతట తాను ఆగని పాతరకం చార్జర్‌ను మాత్రం కాపలా లేకుండా వదలకండి. గాలి ఆడే చోట పెట్టండి, ముందు క్లిప్పులు బిగించి తరువాత స్విచ్ వేయండి, తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని వేరే బండి సాయంతో స్టార్ట్ చేసి, మిగతాది ఆల్టర్నేటర్ చూసుకుంటుందని దూరం పోవడం ఆల్టర్నేటర్‌కు మంచిది కాదు. గంటలకొద్దీ పూర్తి భారంతో అది విపరీతంగా వేడెక్కుతుంది.

రకం కూడా చూసుకోండి. గాజు నార మధ్య యాసిడ్‌ను ఇమిడ్చిన ఏజీఎం బ్యాటరీ 14.7 దాకా తట్టుకుంటుంది కానీ దానిలో ఒకసారి పోయిన నీటిని తిరిగి పోయలేము. జెల్ బ్యాటరీకి 14.1, 14.2 దగ్గరే ఆపడం మంచిది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే దెబ్బతింటుంది కాబట్టి దానికి తగిన చార్జర్ వేరే ఉండాలి.

మూడోగేరు

రెండు రోజుల తరువాత రాస్తున్నాను. కొలతలు ఇవి. బ్యాటరీ పాజిటివ్ దగ్గర 14.9. ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర 15.0. సన్న తీగ దగ్గర 14.3. ఏసీ కొలత 40 మిల్లీవోల్టులు.

రాగితీగ గారూ, మీరు చెప్పినట్లే సన్న తీగ దారిలో 0.6 వోల్టు పోతోంది. ఫ్యూజు పెట్టె విప్పించి చూస్తే, ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే కనెక్టర్‌లో ఒక పిన్ను పచ్చగా తుప్పు పట్టి, దాని చుట్టూ ప్లాస్టిక్ వేడికి గోధుమరంగుకు తిరిగి ఉంది. శుభ్రం చేయడంతో సరిపెట్టకుండా ఆ పిన్నును, తీగ చివరను కొత్తవి వేయించాను. ఇప్పుడు చల్లని ఇంజనుతో 14.4, ఇరవై నిమిషాలు నడిపిన తరువాత 14.2. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినా 14.1 కంటే కిందికి దిగడం లేదు. అసలు ఆల్టర్నేటర్‌ను తాకనే లేదు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. మూడు వారాలపాటు ఎక్కువ వోల్టేజి తిన్న కొత్త బ్యాటరీకి నష్టం జరిగి ఉంటుందా? ఇంత జరుగుతున్నా డ్యాష్‌బోర్డు దీపం ఎందుకు వెలగలేదు?

రాగితీగ

చాలా సంతోషం. రెండవ ప్రశ్నకు నేను చెబుతాను. మీ తరహా ఆల్టర్నేటర్లలో ఆ దీపం ఒక వైపు బ్యాటరీకి, మరోవైపు ఆల్టర్నేటర్‌కు కలిసి ఉంటుంది. రెండు వైపులా వోల్టేజి సమానంగా ఉంటే ఆరిపోతుంది, ఆల్టర్నేటర్ కరెంటు ఇవ్వకపోతే వెలుగుతుంది. వోల్టేజి హద్దు మీరినప్పుడు రెండు వైపులా కలిసే పైకి వెళ్తాయి కాబట్టి దానికి తెలిసే అవకాశం లేదు. ఆ దీపం ఆరి ఉంటే ఛార్జింగ్ జరుగుతోందని మాత్రమే అర్థం, సరిగా జరుగుతోందని కాదు.

సీసంపలక

మొదటి ప్రశ్నకు హైడ్రోమీటర్ సమాధానం చెబుతుంది. బండిని కొన్ని గంటలు ఆపి ఉంచి, ప్రతి సెల్‌లోని యాసిడ్ సాంద్రతను కొలవండి. నిండిన సెల్‌లో 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి, అన్నిటికంటే ఎక్కువ ఉన్న సెల్‌కూ తక్కువ ఉన్న సెల్‌కూ మధ్య తేడా 0.050 దాటకూడదు. నీటి మట్టం తగ్గి ఉంటే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి, యాసిడ్ పోయవద్దు. ఎందుకంటే పోయింది నీరే, యాసిడ్ లోపలే ఉంది. ప్లేట్లు మునిగి ఉంటే ఛార్జ్ అయిన తరువాతే మట్టం సరిచేయండి, ముందే నింపితే ఛార్జింగ్‌లో యాసిడ్ పొంగి బయటకు వస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మూతలు విప్పకండి.

మూడోగేరు

ఆరు సెల్ల సాంద్రత 1.265 నుంచి 1.275 మధ్య వచ్చింది. రెండు సెల్లలో మాత్రం నీరు వేలి గోరంత తగ్గి ఉంది, సరిచేశాను. పెట్టె పక్కన మార్కరుతో నీటి మట్టం దగ్గర ఒక గీత గీసి తేదీ రాశాను.

మూడోగేరు

గీత గీసిన ఐదు వారాల తరువాత ఈ రోజు మళ్లీ చూశాను. ఈ కాలంలో దాదాపు రెండు వేల కిలోమీటర్లు నడిపాను, అందులో చాలా భాగం మంచి ఎండలోనే. వేడి ఇంజనుతో వోల్టేజి 14.2. ఆరు సెల్లలోనూ నీరు గీత దగ్గరే ఉంది.